జ్ఞాపకంలో ఉన్న ఊరిని తైలవర్ణాల్లో చిత్రించడం ఎలా?

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో బొమ్మలు వేసే తెలుగువారు ఒకే ప్రశ్నను మళ్ళీమళ్ళీ అడుగుతున్నారు. చిన్నప్పుడు చూసిన ఏటి రేవు, కళ్ళం, కొండ దారి మనసులో ఇంకా స్పష్టంగానే ఉన్నాయి, ఈ మధ్య వెళ్ళి ఫోటోలు కూడా తీసుకొని వచ్చాము, అయినా కాన్వాస్ మీదికి వచ్చేసరికి అది మా ఊరిలా కాకుండా గోడ క్యాలెండరు మీది ఊరిలా తయారవుతోంది, ఏం చేయాలి అన్నది ఆ ప్రశ్న. రంగులు కలపడం రాకపోవడమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. నా అంచనాలో అసలు చిక్కు అంతకు ముందే మొదలవుతుంది. జ్ఞాపకం నుంచి ఏది తీసుకోవాలో, ఫోటో నుంచి ఏది తీసుకోవాలో తేల్చుకోకుండా రెండింటినీ ఒకే బొమ్మలో కలిపేయడం వల్లనే చిత్రం ఎవరి ఊరూ కాకుండా పోతుంది. వెలుగు, గాలి, రంగుల పొందిక జ్ఞాపకం నుంచి రావాలి. ఆకారాలు, కొలతలు, దిక్కులు ప్రయాణం నుంచి రావాలి. కింద చెప్పిన దశలన్నీ ఈ విభజన ప్రకారమే సాగుతాయి.

కావలసినవి

మొదటి చిత్రానికి 10 × 12 లేదా 12 × 16 అంగుళాల కాన్వాస్ చాలు. పెద్ద కాన్వాస్ మీద పొరపాటును సరిదిద్దడానికి రంగూ ఎక్కువ ఖర్చవుతుంది, ఓపికా ఎక్కువ ఖర్చవుతుంది. చట్రానికి బిగించిన కాన్వాస్ దొరకనప్పుడు కాన్వాస్ అతికించిన అట్ట తీసుకోండి, లేదా దళసరి డ్రాయింగు కాగితానికి రెండు వైపులా గెస్సో (రంగు వేయడానికి ముందు పూసే తెల్లని అడుగుపూత) పూసి వాడుకోండి. గెస్సో పూయని కాగితం మీద, ఉత్త గుడ్డ మీద మాత్రం తైలవర్ణం వేయకూడదు, ఎందుకంటే నూనె లోపలికి ఇంకి కొన్నేళ్ళలో దానిని పెళుసుబారేలా చేస్తుంది.

రంగులు ఏడు చాలు: టైటానియం వైట్, లెమన్ యెల్లో, యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ, పర్మనెంట్ రకపు క్రిమ్సన్. తెలుపు ట్యూబు మిగతా వాటికంటే పెద్దది కొనండి, అన్నిటికంటే ముందు అయిపోయేది అదే. పాత రకం ఎలిజరిన్ క్రిమ్సన్ వెలుతురుకు వెలిసిపోతుంది కనుక ట్యూబు మీద పర్మనెంట్ అని ఉన్నదే అడగండి. తెలుపులో జింక్ వైట్ ఆరిన తరువాత పెళుసుబారి పగుళ్ళు చూపుతుంది కాబట్టి దానిని వద్దనండి. నలుపు, ట్యూబులో సిద్ధంగా దొరికే ఆకుపచ్చ ప్రస్తుతానికి కొనవద్దు. అవి లేకపోవడమే మీ బొమ్మకు మేలు చేస్తుంది.

కుంచెల విషయంలో పంది వెంట్రుకల గట్టి చదును కుంచెలు 4, 8, 12 నంబర్లవి, సన్నని మెత్తటి గుండ్ర కుంచె ఒకటి, రంగు కలిపే కత్తి ఒకటి ఉంటే సరిపోతుంది. రంగులు కలుపుకునే పాలెట్‌కు గాజు పలక తీసుకొని, దాని అడుగున బూడిదరంగు కాగితం పెట్టుకోండి. తెల్లని పళ్ళెంలో కలిపిన రంగు ఉన్నదానికంటే ముదురుగా కనిపించి మోసం చేస్తుంది.

నూనెలు కొనేటప్పుడు జరిగే పొరపాట్లు చాలా ఎక్కువ కాబట్టి ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను. చిత్రకారుల సామగ్రి అమ్మే దుకాణంలో దొరికే శుద్ధి చేసిన అవిసె నూనె ఒక చిన్న సీసా, టర్పెంటైన్ లేదా వాసన లేని ద్రావకం ఒక సీసా తీసుకోండి. తలుపులకు రంగులు వేసేవారి కోసం హార్డ్‌వేర్ దుకాణంలో అమ్మే డబుల్ బాయిల్డ్ అవిసె నూనె చవకే గాని, అందులో త్వరగా ఆరడానికి కలిపే పదార్థాలు ఉంటాయి, కాలం గడిచేకొద్దీ దాని రంగు ముదురుతుంది. కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె, ఆముదం ఎన్ని నెలలైనా ఆరవు, వాటితో వేసిన బొమ్మ ఎప్పటికీ జిడ్డుగానే ఉండిపోతుంది. కిరోసిన్‌ను రంగులో కలపవద్దు. చవక టర్పెంటైన్‌ను కుంచెలు కడగడానికి మాత్రమే ఉంచుకోండి.

ఇక్కడే ఒక గట్టి హెచ్చరిక. అవిసె నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడడం, ఆ క్రమంలో వేడి పుడుతుంది. నూనె తుడిచిన పేలికలను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే ఆ వేడి లోపలే పేరుకొని, నిప్పు తగలకుండానే అవి అంటుకుంటాయి. ప్రతిరోజూ పని ముగియగానే వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. పూరింట్లోనో, వంటగది పక్క గదిలోనో పనిచేసేవారు ఈ విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి. కిటికీలు తెరిచి పనిచేయండి, రంగు చేతులతో తినవద్దు, ఆరిన రంగును గరుకు కాగితంతో పొడిగా రుద్దవద్దు.

దశలు

1. ఫోటోలు లోపల పెట్టేసి, జ్ఞాపకాన్ని మాటల్లో రాయండి. ఫోన్ తెరిచి ఒకసారి ఫోటో చూశారంటే జ్ఞాపకంలోని రంగు మీద ఫోటో రంగు వచ్చి కూర్చుంటుంది, దానిని తిరిగి వేరుచేయడం కష్టం. కనుక ముందుగా ఒక నోటుపుస్తకంలో ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి. మీరు ఎక్కడ నిలబడి చూశారు? ఎండ ఏ వైపు నుంచి వచ్చింది? నేల ఎక్కువ వెలుగుగా ఉందా, ఆకాశమా? అన్నిటికంటే ముదురుగా కనిపించినది ఏది? కాళ్ళకు తగిలినది మట్టా, ఇసుకా, తడి గడ్డా? వాసనను కూడా రాయండి. కోసిన వరి వాసన గుర్తుంటే అది నవంబరు, డిసెంబరు నెలల సంగతి అని, జీడిమామిడి పండ్ల వాసన గుర్తుంటే ఎండాకాలమని తేలిపోతుంది, ఆ ఒక్క ఆధారంతో ఆకాశం రంగు, కొండల రంగు సగం నిర్ణయమవుతాయి.

2. అరచేతి పరిమాణంలో నాలుగైదు చిత్తు బొమ్మలు పెన్సిలుతో వేయండి. వీటిలో ముదురు, నడిమి, లేత అనే మూడు ఛాయలే ఉండాలి. మనకు తెలియకుండానే చేయి రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు గీసేస్తుంది. అవి బడిలో నేర్చుకున్న బొమ్మలు, మీరు చూసినవి కావు. చిత్తు బొమ్మలో ఉన్న ప్రతి వస్తువునూ వేలు పెట్టి చూపిస్తూ ఇది నేను చూశానా అని ప్రశ్నించుకొని, జవాబు రానిదాన్ని కొట్టేయండి. మిగిలినది తక్కువైనా పరవాలేదు. ఒక చింతచెట్టు నీడ, దాని పక్కన ఎర్రమట్టి దారి, అంతే మిగిలినా ఒక మంచి చిత్రానికి అది చాలు.

3. దిక్కును, వేళను తేల్చుకోండి. ఇది జ్ఞాపకం చెప్పలేని సంగతి, నేల మీది వాస్తవం చెప్పవలసిన సంగతి. పర్లాకిమిడి నుంచి చూస్తే మహేంద్రగిరి ఈశాన్య దిక్కున ఉంటుంది. కాబట్టి ఆ వైపు నుంచి చూసేవారికి ఉదయం వెలుగు కొండ వెనుక నుంచి వచ్చి, 1,501 మీటర్ల ఆ శిఖరం లోయలేవీ కనిపించని నీలి ముద్దగా ఉంటుంది, సాయంత్రం ఎండ నేరుగా దాని మీద పడి మడతలు, బండలు ఎర్రగా తేలుతాయి. కొండకు ఆగ్నేయాన ఉన్న మందస వైపు పెరిగినవారికి ఇది తలకిందులు. అలాగే బరంపురం దగ్గరి గోపాలపురం తీరంలో సముద్రం మీద సూర్యోదయమే గాని సూర్యాస్తమయం ఉండదు. అయినా అక్కడి సముద్రంలో పొద్దు గుంకుతున్నట్టు వేసిన బొమ్మలు తరచుగా కనిపిస్తాయి. ఊరికి దూరంగా సూరత్‌లోనో హైదరాబాదులోనో ఉండి వేసేవారు ఉపగ్రహ పటం తెరిచి, తాము నిలబడిన చోటు నుంచి కొండ ఏ దిక్కున ఉందో చూసుకుంటే ఈ పొరపాటు రాదు.

4. కంటి ఎత్తును నిర్ణయించుకోండి. చిన్ననాటి దృశ్యాలు వేసేవారు దాదాపు అందరూ వదిలేసే దశ ఇదే, బొమ్మ నమ్మకంగా లేకపోవడానికి ముఖ్య కారణమూ ఇదే. చదునైన నేల మీద క్షితిజ రేఖ ఎప్పుడూ చూసేవారి కంటి ఎత్తులోనే ఉంటుంది. అయిదారేళ్ళ పిల్లవాడి కన్ను నేల నుంచి సుమారు మూడడుగుల ఎత్తున ఉంటుంది. అంటే అతడు నిలబడిన నేల మీదనే నిలబడిన పెద్దవాళ్ళందరికీ, వారు దగ్గర ఉన్నా దూరంగా ఉన్నా, ఆ రేఖ నడుము దగ్గర తగులుతుంది, వారి ఛాతీ, తల ఆకాశంలోకి లేస్తాయి. పొలం గట్టు అతడికి చిన్న గోడ, ఎదిగిన వరి కంటికి అడ్డు. మీరు ఇప్పుడు వెళ్ళి నిలబడి తీసిన ఫోటోలో మాత్రం ఆ రేఖ పెద్దవాళ్ళ తలల దగ్గరే ఉంటుంది, గట్టు మోకాలి కింద ఉంటుంది. పిల్లవాడి కొండను, పెద్దవాడి గట్టును ఒకే బొమ్మలో పెడితే ఏదో తేడా ఉందని చూసేవారికి అనిపిస్తుంది గాని ఏమిటో చెప్పలేరు. చిన్ననాటి చూపు కావాలంటే ఊరికి వెళ్ళినప్పుడు గొంతుక్కూర్చొని ఫోటోలు తీయండి. పెద్దయ్యాక తిరిగివెళ్ళి చూసిన ఊరే మీ విషయమైతే నిలబడే తీయండి. రెండూ సరైనవే, ఏదో ఒకటి ఎంచుకోవాలి.

5. ఇప్పుడు ఫోటోలు, ప్రయాణంలో వేసిన చిత్తులు తెరవండి. వాటి నుంచి ఆకారాలు మాత్రమే తీసుకోవాలి: కొండ పైగీత ఎక్కడ వంగిందో, తాడిచెట్టు కాండం ఇంటి ఎత్తుకు ఎన్ని రెట్లుందో, రేవు మెట్లు ఎటు దిగాయో. ఫోన్ కెమెరా దూరపు కొండలను చిన్నవి చేస్తుంది కాబట్టి జ్ఞాపకంలోని కొండ అంతకంటే కొంత పెద్దదిగా ఉంటే తగ్గించనవసరం లేదు.

ఇప్పుడు లేనివాటిని వేసేటప్పుడు కొలతలను వేరే చోట వెదకాలి. ఉదాహరణకు 1900లో మొదలైన పర్లాకిమిడి చిన్న రైలును వేయదలచుకున్నవారు ఇప్పటి గుణుపురం లైను ఫోటో చూసి పట్టాలు గీస్తే తప్పు వస్తుంది. ఆ చిన్న రైలు పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, ఇప్పటి బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, అంటే రెండింతలకు మించిన తేడా. పెట్టెలకూ పట్టాలకూ ఉన్న నిష్పత్తి మారిపోతే ఆ రైలు ఎక్కినవారు వెంటనే గుర్తుపడతారు.

ప్రయాణానికి ఇంకా వెళ్ళనివారు రెండు పద్ధతులు గుర్తుపెట్టుకోండి. ఆంగ్ల చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో హాంప్‌స్టెడ్‌లో వేసిన మేఘాల అధ్యయనాల వెనుక తేదీ, వేళ, గాలి దిక్కు రాసిపెట్టుకున్నాడు. మీరు ప్రతి చిత్తు వెనుక అలాగే రాయండి, ఆరు నెలల తరువాత దాని విలువ తెలుస్తుంది. జేమ్స్ విస్లర్ అనే చిత్రకారుడు థేమ్స్ నది రాత్రి దృశ్యాన్ని కాసేపు చూసి, దానికి వీపు తిప్పి నిలబడి, చూసినదంతా తోడు వచ్చినవారికి వర్ణించి, తప్పులుంటే మళ్ళీ తిరిగి చూసేవాడు. వంశధార గట్టున మీరూ మీ పిల్లలూ కలిసి చేయదగిన అభ్యాసం ఇది, ఖర్చేమీ లేదు, పిల్లలు మీ తప్పులను వదలకుండా పడతారు కూడా.

6. కాన్వాస్‌కు నేలరంగు వేయండి. బర్న్‌ట్ సియెన్నాను టర్పెంటైన్‌లో పలుచగా కలిపి కాన్వాస్ అంతా పూసి, వెంటనే పేలికతో తుడిచేయండి. మన వైపు ఎర్రనేల దృశ్యాలకు ఈ పూత అక్కడక్కడ పై రంగుల సందుల్లోంచి కనిపించి అన్నిటినీ కలుపుతుంది. ఒక రోజు ఆరనివ్వండి. గెస్సో మీరే పూసుకున్నట్లయితే, అది పూసిన తరువాత ఈ పనికి కనీసం ఒక పూర్తి రోజు ఆగండి.

7. సన్నని కుంచెతో, టర్పెంటైన్ కలిపిన అంబర్‌తో పెద్ద ఆకారాలను మాత్రమే గీసి, ముదురు భాగాలను అదే రంగుతో నింపండి. ఈ దశలో చిత్తు బొమ్మలోని మూడు ఛాయలు కాన్వాస్ మీద కనిపించాలి. కిటికీలు, కొమ్మలు, మనుషుల ముఖాలు గీయాలన్న కోరికను ఆపుకోండి. పొరపాటు జరిగితే టర్పెంటైన్ తడిపిన పేలికతో తుడిచి మళ్ళీ గీయవచ్చు.

8. దూరం నుంచి దగ్గరికి రండి. మొదటి పొర రంగు మజ్జిగ తేటలా పలుచగా ఉండాలి, అందులో టర్పెంటైన్ ఉంటుంది, అదనపు నూనె ఉండదు. ఆకాశంతో మొదలుపెట్టండి. నడినెత్తి దగ్గర అల్ట్రామెరైన్ కొంచెం ఎక్కువ, కిందికి వచ్చేకొద్దీ తెలుపు, చిటికెడు ఓకర్. దిగువన ఆకాశం దాదాపు ఎప్పుడూ లేతగా ఉంటుంది.

దూరపు కొండకు తెలుపు, అల్ట్రామెరైన్, గోరంత బర్న్‌ట్ సియెన్నా కలపండి. తరువాతి వరుస కొండకు అదే ముద్దలో తెలుపు తగ్గించి ఓకర్ చేర్చండి. ప్రతి వరుసకూ కొత్తగా కలపకుండా ఒకే ముద్దను మార్చుకుంటూ రావడం వల్ల కొండలు ఒకే గాలిలో ఉన్నట్టు కుదురుతాయి. అయితే దూరపు కొండ ఎప్పుడూ నీలంగానే ఉంటుందన్న పుస్తకాల సూత్రాన్ని గుడ్డిగా పాటించవద్దు. వాన వెలిసిన సాయంత్రం గాలి కడిగినట్టయి మహేంద్రగిరి వరుసలు ముదురు ఆకుపచ్చగా చాలా దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం ధూళి వల్ల అవే కొండలు పసుపు తిరిగిన బూడిదరంగులో సగం మాయమవుతాయి. శీతకాలం ఉదయం కోరాపుట్ పీఠభూమి మీద మంచు లోయల్లో నిలిచి, కొండ పాదం పైభాగం కంటే లేతగా ఉంటుంది. సముద్రపు తేమ ఉన్న గోపాలపురం, ఛత్రపురం వైపు అన్ని దూరాలూ తెల్లబారుతాయి. మొదటి దశలో మీరు రాసుకున్న నెల ఇక్కడ ఉపయోగపడుతుంది.

9. నేలకు, చెట్లకు, నీటికి రండి. ఎర్రమట్టి దారికి బర్న్‌ట్ సియెన్నా, ఓకర్, కొంచెం తెలుపు. దాని నీడకు నలుపు కలపకుండా బర్న్‌ట్ సియెన్నాలో అల్ట్రామెరైన్, ఒక చుక్క క్రిమ్సన్ కలపండి. కొత్తగా నాటిన వరికి లెమన్ యెల్లో, చాలా తక్కువ అల్ట్రామెరైన్, తెలుపు. పండిన వరికి ఓకర్, లెమన్ యెల్లో, కాస్త సియెన్నా. ఆకుపచ్చ మరీ పచ్చిగా అరుస్తున్నట్టుంటే దానిలో కొంచెం సియెన్నా కలిపితే తగ్గుతుంది. ఏటి ఇసుక పసుపు కాదు. ఓకర్‌లో చాలా తెలుపు, చిటికెడు అంబర్, అంతకంటే తక్కువ నీలం కలిపి చూడండి.

తాడిచెట్టును కొబ్బరిచెట్టులా వేయడం చాలా సాధారణమైన తప్పు. తాడి కాండం నిటారుగా, నల్లబారిన బూడిదరంగులో ఉంటుంది, ఆకులు విసనకర్రల్లా విచ్చుకొని తల గుండ్రంగా కనిపిస్తుంది, దాని కింద ఎండిన మట్టలు వేలాడతాయి. కొబ్బరి కాండం చాలాసార్లు వంగుతుంది, మట్టలు ఈకల్లా పొడవుగా వాలుతాయి. సరిహద్దు మెట్టల మీద మీరు చూసినవి ఎక్కువగా తాడిచెట్లే అయి ఉంటాయి, కొబ్బరి తీరం వైపు.

మహేంద్రతనయ నది గాని, ఊరి చెరువు గాని వేసేటప్పుడు నీటికి వేరే నీలం కలపవద్దు. పైన వేసిన రంగులే నీటిలో కనిపిస్తాయి. ముదురు వస్తువు నీడ నీటిలో కాస్త లేతగా, లేత వస్తువు నీడ కాస్త ముదురుగా వేయండి. కుంచెను ముందు నిలువుగా లాగి, చివర ఒకటి రెండు అడ్డగీతలు చాలా తేలికగా లాగితే నీరు చదునుగా పరుచుకుంటుంది. వరద నీరైతే ప్రతిబింబం స్పష్టంగా ఉండదు, అది మట్టి రంగు.

10. ఆరనిచ్చి రెండో పొర వేయండి. తైలవర్ణాల్లో ఒకే ఒక్క నియమం తప్పక పాటించాలి: కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో నూనె ఎక్కువ. నూనె ఎక్కువగా ఉన్న పొర నెమ్మదిగా ఆరి, ఆరేకొద్దీ కదులుతుంది. దాని మీద నూనె లేని పొర వేస్తే పైది ముందు గట్టిపడి, కిందిది కదిలినప్పుడు పగులుతుంది. రెండో పొరకు రెండు పాళ్ళు టర్పెంటైన్, ఒక పాలు అవిసె నూనె, చివరి పొరకు సమానంగా కలుపుకుంటే సరిపోతుంది. అంబర్ త్వరగా ఆరుతుంది, టైటానియం వైట్ ఆలస్యంగా ఆరుతుంది, అందుకే ఆకాశం అన్నిటికంటే ఎక్కువ కాలం తడిగా ఉంటే కంగారు పడవద్దు. వానాకాలంలో పని ఆగిపోతుందనుకునేవారు నేలరంగు, తొలి గీతలతో సహా మొదటి పొరనంతా నీటితో కలుపుకునే ఎక్రిలిక్ రంగులతో పలుచగా వేసి, బాగా ఆరాక పైన తైలవర్ణం వేసుకోవచ్చు. దీనికి విరుద్ధంగా తైలవర్ణం మీద ఎక్రిలిక్ వేయకూడదు, అది పట్టుకోదు, పెచ్చులుగా ఊడిపోతుంది.

ఈ పొరలో మందమైన రంగును వెలుగు ఉన్న చోట వాడండి, నీడలను పలుచగానే ఉంచండి. మొదటి రోజు రాసుకున్న నోటుపుస్తకాన్ని మళ్ళీ చదవవలసిన సమయం కూడా ఇదే. అక్కడ నేల ఆకాశం కంటే వెలుగుగా ఉందని రాసి, బొమ్మలో ఆకాశం వెలుగుగా ఉంటే ఫోటో మిమ్మల్ని లాక్కుపోయిందని అర్థం.

11. వివరాలను చివర, చూపు ఆగవలసిన ఒక్క చోట మాత్రమే వేయండి. రేవులో బిందె, కళ్ళంలో గడ్డి కుప్ప అంచు, ఏదో ఒకటి. మిగతా చోట్ల అంచులను పొడి కుంచెతో కలిపేయండి.

సరిచూసుకునే పద్ధతులు

ప్రతిసారీ పని ముగించేటప్పుడు కళ్ళు సగం మూసి చూడండి. ఆకారాలు విడిపోకుండా కలిసిపోతే ఛాయల తేడా చాలలేదని అర్థం. ఫోన్‌తో బొమ్మను ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి, మీ పెన్సిల్ చిత్తు పక్కన పెట్టండి, రెండూ ఒకే ఛాయల అమరికతో ఉండాలి. వంకర గీతలు కనిపెట్టడానికి అద్దంలో చూడండి, లేదా బొమ్మను తలకిందులుగా పెట్టండి. ఇవన్నీ కంటికి సంబంధించిన పరీక్షలు.

జ్ఞాపకానికి సంబంధించిన పరీక్ష వేరు. ఆ ఊరిలో మీతో పాటు పెరిగిన అక్కయ్యకో, చిన్నాన్నకో చెప్పకుండా బొమ్మ చూపించి, ఇది ఏ వేళ, ఎక్కడ నిలబడి చూసినది అని మాత్రమే అడగండి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, దానివల్ల ఉపయోగం లేదు. వేళ సరిగ్గా చెప్పగలిగితే మీ రంగులు కుదిరాయి. చోటు చెప్పగలిగితే ఆకారాలు కుదిరాయి. రెండింటిలో ఏది తప్పితే ఆ భాగాన్నే సరిదిద్దండి, మొత్తం చెరిపేయనవసరం లేదు.

పని మధ్యలో ఎదురయ్యే ఇబ్బందులు

రంగులన్నీ బురదగా మారుతున్నాయంటే ఒక ముద్దలో తెలుపు కాక మూడుకు మించిన రంగులు కలుపుతున్నారని గాని, కుంచె తుడవకుండా మరో రంగులో ముంచుతున్నారని గాని అనుకోండి. తడి పొర మీద పదేపదే రుద్దినా ఇదే జరుగుతుంది. అక్కడ కత్తితో గీకి తీసేసి, ఆరాక మళ్ళీ వేయండి.

ఆరిన తరువాత ముదురు భాగాలు వెలవెలబోయి, జీవం లేకుండా కనిపిస్తే నూనె కింది పొరలోకి ఇంకిందని అర్థం. రంగు మార్చకండి. చాలా పలుచగా అవిసె నూనె, టర్పెంటైన్ మిశ్రమాన్ని ఆ భాగానికి రుద్ది, మెత్తని గుడ్డతో తుడిచేస్తే అసలు రంగు తిరిగి తేలుతుంది. ఆ మీదటనే ఇంకేమైనా దిద్దాలో లేదో నిర్ణయించుకోండి.

కాన్వాస్ వానాకాలంలో వదులైపోతే చట్రం వెనుక మూలల్లో ఉండే చిన్న మేకు చెక్కలను నెమ్మదిగా లోపలికి కొట్టండి. ముందు వైపు నుంచి వేలితో నొక్కి చూడకండి, ఆ గుంట ఏళ్ళ తరువాత పగులుగా బయటపడుతుంది.

ఆరబెట్టడం, వార్నిష్, గోడకు తగిలించడం

బొమ్మను నేరుగా ఎండలో పెట్టవద్దు, చీకటి గదిలో కూడా దాచవద్దు. అవిసె నూనె చీకట్లో పచ్చబడుతుంది. అలా పచ్చబడిన బొమ్మను కొన్ని వారాలు వెలుతురున్న గదిలో ఉంచితే చాలావరకు తేరుకుంటుంది. పైకి ఆరినట్టు కనిపించడానికి వారం రెండు వారాలు చాలు, లోపల ఆరడానికి నెలలు పడుతుంది. వార్నిష్‌కు ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆగండి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి రంగు బాగా మందంగా ఉన్న చోట గోటితో మెల్లగా నొక్కి చూడండి, తరువాత ఒక మూలలో వాసన లేని ద్రావకం తడిపిన దూదితో తేలికగా తుడవండి. దూదికి రంగు అంటితే ఇంకా ఆగవలసిందే. వార్నిష్‌ను వాన లేని రోజుల్లో, తేమ తక్కువగా ఉన్నప్పుడు, ఒకే దిశలో పలుచగా పూయండి. తేమలో పూసిన వార్నిష్ తెల్లగా మసకబారుతుంది.

బయటి గోడకు, వానకు తడిసే గోడకు బొమ్మను తగిలించకండి, బూజు ముందు కాన్వాస్ వెనుకనే మొదలవుతుంది. తప్పనిసరైతే చట్రం కింది రెండు మూలలకు సీసా బిరడా ముక్కలు అతికించి గోడకూ కాన్వాస్‌కూ మధ్య గాలి ఆడేలా చేయండి. దూరంలో ఉన్న బంధువులకు పంపేటప్పుడు బొమ్మ ముఖానికి ప్లాస్టిక్ కాగితం ఆనించవద్దు, వార్నిష్ దానికి అంటుకుంటుంది. సిలికాన్ పూత ఉన్న బేకింగ్ కాగితం ఒక పొర కప్పి, రెండు వైపులా అట్టలు పెట్టి కట్టండి. వెనుక వైపు ఊరి పేరు, దృశ్యంలోని నెల, వేళ, బొమ్మ వేసిన సంవత్సరం పెన్సిలుతో చట్రం కర్ర మీద రాయండి. కాన్వాస్ మీద రాస్తే సిరా కొన్నేళ్ళకు ముందు వైపుకు ఊరుతుంది.